పోసిన క్లోరిన్ పోసినట్టే మాయమవుతుంటే: పెరటి ఈతకొలనులో అసలు కారణం పట్టుకునే పద్ధతి

సాయంత్రం క్లోరిన్ పోస్తారు. తెల్లారి కొలిస్తే సున్నా. ఈసారి ఇంకాస్త ఎక్కువ పోస్తారు. రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజుకు మళ్లీ మొదటికొస్తుంది. చాలామంది ఇక్కడే ఉండిపోయి డబ్బాల మీద డబ్బాలు ఖాళీ చేస్తుంటారు. అలా పోసుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది తప్ప కారణం తెలియదు.

క్లోరిన్ ఊరికే పోదు. ఎండకు విరిగిపోతుంది, లేదా నీళ్లలోనో గోడల మీదో ఉన్న మరో పదార్థంతో కలిసి ఖర్చయిపోతుంది. ఈ రెండూ కాదంటే, మీరనుకున్నంత క్లోరిన్ అసలు పడనే లేదు, లేదా కొలతే తప్పింది. రాత్రిపూట ఎండ ఉండదు కదా. అందుకే పగలు ఎంత పోతోంది, రాత్రి ఎంత పోతోంది అని విడివిడిగా కొలిస్తే సగం చిక్కు విడిపోతుంది. కింద చెప్పిందంతా ఈ విడదీత మీదే నడుస్తుంది. వరస మాత్రం మార్చకండి. ముందు కొలత, ఆ తర్వాతే మందు.

పూల్‌లో నీళ్లెన్ని, ఒక పీపీఎం అంటే ఎంత

పొడవు, వెడల్పు, సగటు లోతు మీటర్లలో కొలిచి మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని 1000తో గుణిస్తే లీటర్లు వస్తాయి. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న పూల్ ఒక చివర 1 మీటరు, మరో చివర 1.8 మీటర్ల లోతుతో ఏటవాలుగా ఉంటే సగటు లోతు 1.4 మీటర్లు. అంటే 44,800 లీటర్లు. లెక్క సులువుగా ఉండేందుకు 45,000 అనుకుందాం. కింది ఉదాహరణలన్నీ ఈ పూల్‌వే.

ఒక పీపీఎం అంటే వెయ్యి లీటర్లకు ఒక గ్రాము. మన పూల్‌లో క్లోరిన్ 1 పీపీఎం పెరగాలంటే 45 గ్రాముల క్లోరిన్ పడాలి. 10 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రవమైతే 450 మిల్లీలీటర్లు, 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ పొడి అయితే సుమారు 70 గ్రాములు, 90 శాతం ట్రైక్లోర్ బిళ్లలైతే 50 గ్రాములు. ఈ మూడు అంకెలూ మీ పూల్‌కు లెక్కకట్టి పంపు గదిలో గోడ మీద రాసిపెట్టుకోండి. "ఒక మగ్గు పోశాను" అనే లెక్కతో ఏ లోపమూ దొరకదు.

జాగ్రత్తలు ఇక్కడే చెప్పాలి. రెండు రకాల క్లోరిన్‌ను ఎప్పుడూ కలపకండి. ట్రైక్లోర్, కాల్షియం హైపోక్లోరైట్ తగిలితే మంటలు లేచే ప్రమాదముంది, పేలవచ్చు కూడా. ఒకదానికి వాడిన చెంచా, బకెట్ రెండోదానికి వాడొద్దు. యాసిడ్‌కు క్లోరిన్ తగిలితే విషవాయువు వస్తుంది, కాబట్టి రెండింటినీ దూరదూరంగా నిల్వ ఉంచండి. మందును నీళ్లలో వేయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు. చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి, గాలి మీ వీపు వైపునుంచి వచ్చేలా నిలబడాలి.

కొలత నమ్మదగిందేనా

కాగితపు స్ట్రిప్పులు ఈ పనికి చాలవు. రాత్రి నష్టం ఒక పీపీఎం ఉందా రెండు ఉందా అనేది స్ట్రిప్పు రంగు చూసి చెప్పలేం. నీటిని పసుపు రంగుకు మార్చే ఓటీఓ చుక్కలు కూడా మొత్తం క్లోరిన్‌నే చూపిస్తాయి, పనిచేసే క్లోరిన్‌ను, అంటే ఫ్రీ క్లోరిన్‌ను, విడిగా చూపవు. మీకు కావలసింది చుక్కలు లెక్కపెట్టే ఎఫ్ఏఎస్-డీపీడీ కిట్.

దాన్ని వాడే తీరు ఇదీ. మోచేయి మునిగేంత లోతునుంచి, నీళ్లు తిరిగొచ్చే రిటర్న్ మూతికి దూరంగా, ప్రతిసారీ ఒకే చోట నమూనా తీయండి. సీసాను మూతి కిందికి పెట్టి ముంచి, లోపల తిప్పి నింపితే పైన తేలే జిడ్డు అందులోకి రాదు. కిట్ సీసాలో 10 మిల్లీలీటర్ల గీత దాకా నింపి, ఒక చెంచాడు పొడి వేయండి. క్లోరిన్ ఉంటే నీళ్లు గులాబీ రంగుకు మారతాయి. చుక్కల సీసాను నిటారుగా పట్టుకుని ఒక్కో చుక్కా వేస్తూ తిప్పండి. గులాబీ రంగు పలచబడుతూ వచ్చి, ఒక చుక్క దగ్గర పూర్తిగా పోతుంది. ఎన్ని చుక్కలు పట్టాయో వాటిలో సగమే ఫ్రీ క్లోరిన్ పీపీఎం. 9 చుక్కలైతే 4.5. ఆ నీళ్లలోనే కిట్‌లోని రెండో ద్రవం 5 చుక్కలు వేసి చూడండి. మళ్లీ గులాబీ వచ్చిందంటే అది కంబైన్డ్ క్లోరిన్, అంటే చెమట, మూత్రం, ఇతర నత్రజని పదార్థాలతో ఇప్పటికే కలిసిపోయి బలం తగ్గిన క్లోరిన్. దాన్నీ అలాగే లెక్కించండి. అది 0.5 దాకా ఉంటే పర్వాలేదు.

ఇంకో పొరపాటు చాలామందిని పక్కదారి పట్టిస్తుంది. క్లోరిన్ బాగా ఎక్కువైతే అది పరీక్ష రంగునే చెరిపేస్తుంది. గులాబీ ఒక్క క్షణం మెరిసి పోతుంది, లేదా అసలు కనిపించదు. చూసినవాళ్లు "సున్నా" అనుకుని మరింత పోస్తారు. అనుమానం వస్తే ఇంకో చెంచా పొడి వేసి చూడండి. రంగు పోల్చే కిట్ అయితే పూల్ నీళ్లు ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ నాలుగు వంతులు కలిపి కొలిచి, వచ్చిన అంకెను 5తో గుణించండి. ఏడాది దాటిన పొడులు, ద్రవాలు, ఎండలో పెట్టిన కిట్లు పారేయడమే మేలు.

పోసిన దానిలో బలం ఉందా

ద్రవ క్లోరిన్ డబ్బాలోనే చచ్చిపోతుంటుంది. వేడి పెరిగేకొద్దీ ఇది వేగమవుతుంది. నిల్వచేసే చోట వేడి 10 డిగ్రీలు పెరిగితే, పాడయ్యే వేగం మూడు రెట్లకు పైగా అవుతుంది. ఎండ తగిలే షెడ్డులో నెలల తరబడి ఉన్న డబ్బా మీద 10 శాతం అని రాసి ఉన్నా లోపల సగమే ఉండొచ్చు.

దీన్ని పరీక్షించడం చాలా తేలిక. శుభ్రమైన బకెట్‌లో కొలిచి 10 లీటర్ల తాగే నీళ్లు పోసి, అందులో ముందే ఎంత క్లోరిన్ ఉందో చూసి రాసుకోండి. సిరంజితో సరిగ్గా 1 మిల్లీలీటరు ద్రవ క్లోరిన్ వేసి కలిపి, రెండు మూడు నిమిషాల్లో కొలవండి. 10 శాతం బలం ఉంటే ఫ్రీ క్లోరిన్ 10 పీపీఎం పెరగాలి. 6 పెరిగితే మీ డబ్బాలో ఉన్నది 6 శాతమే. ఇంతకాలం 450 పోసినా 270కి సరిపడా పనే జరిగిందన్నమాట. కొత్త డబ్బా తెరిచిన ప్రతిసారీ ఈ పరీక్ష చేస్తే తర్వాతి లెక్కలన్నీ నిలబడతాయి. అవసరమైనంతే కొని, నీడలో చల్లగా ఉండే చోట పెట్టుకోండి.

రాత్రి పరీక్ష

ఇదే అసలు పరీక్ష.

1. సూర్యాస్తమయానికి ముందే ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే యంత్రం ఉంటే ఆపండి. బిళ్లలు వేసే తేలుడు డబ్బా ఉంటే తీసేయండి. నీళ్ల మీద తేలే చెత్తను లాగే స్కిమ్మర్‌లో బిళ్లలుంటే వాటినీ తీయండి.
2. చీకటి పడ్డాక క్లోరిన్ పోసి ఫ్రీ క్లోరిన్ కనీసం 5 పీపీఎం ఉండేలా చూడండి. పంపు గంటసేపు నడవనివ్వండి.
3. కొలిచి రాసుకోండి. తర్వాత ఎవరూ నీళ్లలోకి దిగకూడదు, ఏమీ వేయకూడదు. పంపు తెల్లవార్లూ నడవనివ్వండి.
4. ఎండ నీళ్ల మీద పడకముందే లేచి, అదే చోట, అదే లోతులో మళ్లీ కొలవండి.

తేడా 1 పీపీఎం లేదా అంతకన్నా తక్కువైతే నీళ్లలో క్లోరిన్‌ను తినేది ఏమీ లేదు. మీ నష్టం పగలే జరుగుతోంది. తేడా 1 దాటితే ఏదో తింటోంది. 10 మిల్లీలీటర్ల నమూనాలో ఒక చుక్క అంటేనే అర పీపీఎం కాబట్టి, తేడా 1.5 లాగా అటూఇటూ వస్తే మర్నాటి రాత్రి 25 మిల్లీలీటర్ల నమూనాతో మళ్లీ చేయండి. అప్పుడు ఒక్కో చుక్క 0.2 పీపీఎం అవుతుంది.

బకెట్ చెప్పే మాట

రాత్రి పరీక్షతో పాటే ఇంకొక పని చేస్తే కారణం ఎక్కడుందో కూడా తెలుస్తుంది. సాయంత్రం కొలత కాగానే శుభ్రమైన ప్లాస్టిక్ బకెట్‌ను క్లోరిన్ నీళ్లతో కడిగి, పూల్ నీళ్లతో నింపి, మూతపెట్టి చీకటి గదిలో ఉంచండి. తెల్లారి దాన్నీ కొలవండి.

బకెట్‌లో క్లోరిన్ అలాగే ఉండి పూల్‌లో మాత్రం పడిపోయిందంటే, తినేది నీళ్లలో లేదు. గోడల మీదో, ఫిల్టర్‌లోనో, పైపుల్లోనో, ఏదో మూలనో అంటుకుని ఉంది. రెండింటిలోనూ పడిపోతే తినేది నీళ్లలోనే కరిగి ఉంది లేదా తేలుతోంది. నీళ్లు అద్దంలా ఉన్నా సరే, ఈ ఒక్క పోలిక చూడకుండా ఫిల్టర్ ఇసుక మార్చడానికో, నీళ్లన్నీ పారబోయడానికో దిగకండి.

పగలే పోతుంటే: ఎండ, స్టెబిలైజర్

స్టెబిలైజర్ లేని నీళ్లలో మిట్టమధ్యాహ్నపు ఎండ క్లోరిన్‌ను రెండు మూడు గంటల్లోనే దాదాపు ఊడ్చేస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని విరగ్గొట్టి మామూలు ఉప్పులోని క్లోరైడ్‌గా మార్చేస్తాయి. సయన్యూరిక్ ఆమ్లం, అదే మనం స్టెబిలైజర్ అనేది, క్లోరిన్‌ను వదులుగా పట్టుకుని ఎండనుంచి కాపాడుతుంది. అవసరం పడినకొద్దీ వదులుతుంది. ద్రవ క్లోరిన్ వాడే పూల్‌కు 30 నుంచి 50 పీపీఎం స్టెబిలైజర్ సరిపోతుంది. ఉప్పు యంత్రం ఉన్న పూల్‌కు సాధారణంగా 60 నుంచి 80 ఉంచుతారు. ఇలా ఉన్న పూల్‌లో మండే ఎండలో రోజుకు 2 నుంచి 4 పీపీఎం తగ్గడం మామూలే. అది లోపం కాదు, రోజువారీ ఖర్చు.

స్టెబిలైజర్ కొలవడంలో తప్పులు ఎక్కువ. నమూనాకు సమానంగా మందు కలిపి, కిట్‌లో చెప్పినంతసేపు ఊపి ఆగితే నీళ్లు పాలలా మసకబారతాయి. అడుగున నల్లచుక్క ఉన్న గొట్టంలో కొంచెం కొంచెంగా పోస్తూ పైనుంచి చూడాలి. చుక్క కనబడకుండా పోయిన చోట గీత చదవాలి. ఆరుబయట, సూర్యుడు మీ వీపు వెనక ఉండగా, గొట్టం మీ నీడలో ఉండేలా నడుము దగ్గర పట్టుకుని చూడండి. చుక్క కోసం కళ్లు చికిలించి వెతక్కండి, మామూలు చూపుకు కనబడకపోతే అది పోయినట్టే. చల్లటి నీళ్లలో మసక సరిగా రాదు, కాబట్టి నమూనాను గది వేడికి తెచ్చుకోండి. 100 దగ్గర చుక్క పోయిందంటే అసలు విలువ ఇంకా ఎక్కువ ఉండొచ్చు. సగం పూల్ నీళ్లు, సగం కుళాయి నీళ్లు కలిపి మళ్లీ చేసి, వచ్చినదాన్ని రెట్టింపు చేయండి.

తక్కువుంటే: మన 45,000 లీటర్లకు 10 పీపీఎం పెంచాలంటే 450 గ్రాములు. పాత సాక్సులో పోసి, మూతి కట్టి, రిటర్న్ ముందు వేలాడదీయండి. అప్పుడప్పుడు పిసుకుతుంటే ఒకటి రెండు రోజుల్లో కరుగుతుంది. పరీక్షలో పూర్తిగా కనబడటానికి వారం దాకా పట్టొచ్చు. ఆలోగా మళ్లీ వేయకండి. పెరిగిన స్టెబిలైజర్‌ను తగ్గించడం చాలా కష్టం.

ఎక్కువుంటే అది వేరే కథ. బిళ్లలు మాత్రమే వాడే పూల్‌లలో ఇదే ఎక్కువగా కనిపిస్తుంది. ట్రైక్లోర్‌తో 10 పీపీఎం క్లోరిన్ వేస్తే, వెంట 6 పీపీఎం స్టెబిలైజర్ పడుతుంది. రోజుకు 3 పీపీఎం చొప్పున నెలంతా వాడితే 54 పీపీఎం చేరుతుంది. డైక్లోర్ పొడితో ఇంకా ఎక్కువ, 10కి 9. క్లోరిన్ ఎండకు విరిగిపోతుంది కానీ స్టెబిలైజర్ అక్కడే పేరుకుపోతుంది. 150 పీపీఎం స్టెబిలైజర్ ఉన్న నీళ్లలో 3 పీపీఎం క్లోరిన్ కిట్‌లో కనిపిస్తుంది కానీ పని చేయదు. చేతులు కట్టేసినట్టే. అప్పుడు నాచు మొదలవుతుంది, నాచు క్లోరిన్‌ను తింటుంది, మనకు కనిపించేది మాత్రం "క్లోరిన్ నిలవడం లేదు" అనే ఫలితం. దీన్నే కొందరు క్లోరిన్ లాక్ అంటారు. నిజానికి ఇక్కడ లాక్ అయ్యేదేమీ లేదు, ఉన్నదల్లా నిష్పత్తి దెబ్బతినడమే. ఫ్రీ క్లోరిన్ ఎప్పుడూ స్టెబిలైజర్‌లో ఏడెనిమిది శాతానికి దిగకూడదు: 30 ఉంటే 2.5 పీపీఎం, 50 ఉంటే 4 పీపీఎం కనీసం. రోజుకోసారే పోసేవాళ్లు దానిపైన ఒక రోజు ఖర్చు కలుపుకుని పోయాలి.

దీనికి నమ్మకమైన మార్గం నీళ్లు మార్చడమే. 120 నుంచి 40కి రావాలంటే మూడింట రెండు వంతుల నీళ్లు మార్చాలి. ఒకేసారి పూల్ మొత్తం ఖాళీ చేయొద్దు. భూగర్భజలం పైదాకా ఉన్నచోట ఖాళీ పూల్ కిందినుంచి వచ్చే ఒత్తిడికి పైకి లేవగలదు, లోపల పరిచిన వినైల్ షీటు (లైనర్) అయితే ముడుచుకుపోతుంది. మూడో వంతు చొప్పున దఫాలుగా మారిస్తే, ప్రతి దఫా మిగిలినదానిలో మూడో వంతే తగ్గుతుంది: 120 నుంచి 80, అక్కడినుంచి 53, ఆపైన 36.

రాత్రి పోతుంటే: పట్టు వదలకుండా షాక్

రాత్రి నష్టానికి చాలాసార్లు కారణం నాచే. కంటికి పచ్చగా కనబడేసరికి అది ఎప్పుడో పెరిగిపోయి ఉంటుంది. కనబడని దశలోనే క్లోరిన్‌ను తినడం మొదలుపెడుతుంది. దీనికి ఒకసారి ఎక్కువ పోసి ఊరుకునే షాక్ పనికిరాదు. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. రాత్రి పోసిన పెద్ద మోతాదు తెల్లారేసరికి అయిపోతుంది, మిగిలిపోయిన నాచు మళ్లీ పెరుగుతుంది. షాక్ స్థాయిని పట్టి ఉంచాలి.

ఆ స్థాయి స్టెబిలైజర్‌ను బట్టి ఉంటుంది, దాదాపు దానిలో 40 శాతం:

- స్టెబిలైజర్ 30 అయితే ఫ్రీ క్లోరిన్ 12
- 40 అయితే 16
- 50 అయితే 20
- 70 అయితే 28

70 దాటితే ముందు నీళ్లు మార్చడమే చవక.

మొదలుపెట్టే ముందు పీహెచ్‌ను 7.2కి తెచ్చుకోండి. ఫ్రీ క్లోరిన్ 10 దాటాక పీహెచ్ పరీక్ష తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి షాక్ జరుగుతున్నంతసేపు దాన్ని కొలవొద్దు, సరిదిద్దొద్దు. ద్రవ క్లోరిన్ వాడండి. ట్రైక్లోర్, డైక్లోర్ వాడితే స్టెబిలైజర్ పెరిగి మీరు చేరాల్సిన షాక్ స్థాయే ఇంకా పైకి పోతుంటుంది. కాల్షియం హైపోక్లోరైట్ తప్పనిసరైతే బకెట్ నీళ్లలో ముందే కలిపి పోయండి. పొడి వినైల్ మీద పడితే అక్కడ తెల్లటి మచ్చ వేస్తుంది. పైగా 10 పీపీఎం క్లోరిన్‌తో పాటు 7 పీపీఎం దాకా కాల్షియం కాఠిన్యం పెరుగుతుంది.

స్టెబిలైజర్ 40, ఫ్రీ క్లోరిన్ 2 ఉన్న మన పూల్‌కు 14 పీపీఎం పెరగాలి: 14 × 450 అంటే 6.3 లీటర్లు. రిటర్న్ మూతి ముందు సన్నటి ధారగా పోయండి. మొదటి రోజు గంటకోసారి, కుదరకపోతే రెండు గంటలకోసారి కొలిచి, తగ్గినంత మళ్లీ కలపండి. తర్వాత రోజుకు మూడు నాలుగుసార్లు చాలు. రోజూ గోడలు, అడుగు బ్రష్ చేయండి. పంపు ఆపొద్దు. ఫిల్టర్ ఒత్తిడి శుభ్రంగా ఉన్నప్పటికన్నా 20 నుంచి 25 శాతం పెరిగితే బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీళ్లను వెనక్కి పంపి ఫిల్టర్‌ను కడగండి. చచ్చిన నాచు దాన్ని త్వరగా మూసేస్తుంది. ఆకులు, చెత్త ముందే తీసేయండి. అడుగున కుళ్లే ప్రతి ఆకుకూ క్లోరిన్ ఖర్చవుతుంది.

ఆపేది ఎప్పుడంటే, మూడూ ఒకేసారి కుదిరినప్పుడే: నీళ్లు అడుగు స్పష్టంగా కనబడేంత తేటగా ఉండాలి, కంబైన్డ్ క్లోరిన్ 0.5 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి, రాత్రి నష్టం 1 పీపీఎం దాటకూడదు. రెండు కుదిరి ఒకటి కుదరకపోయినా సాగించండి. తేలికపాటి కేసు రెండు మూడు రోజుల్లో తేలుతుంది, పచ్చగా మారిన పూల్‌కు వారం పైనే పట్టొచ్చు. ఆ రోజుల్లో ఎవర్నీ నీళ్లలోకి దింపకండి.

షాక్ అందని మూలలు

షాక్ స్థాయిని నాలుగైదు రోజులు పట్టి ఉంచినా రాత్రి నష్టం 2, 3 పీపీఎం దగ్గర ఆగిపోయి కదలకపోతే, బకెట్ పరీక్షలో బకెట్ బాగానే ఉంటే, ఎక్కడో జిగురు పొర దాక్కుంది. ఈ చోట్లు ఒక్కొక్కటిగా చూడండి.

నీళ్లలోపలి లైటు వెనక గూడు మొదటి అనుమానం. ముందు మెయిన్ దగ్గర ఆ లైటుకు కరెంటు పూర్తిగా ఆపండి. లైటును గట్టు మీదికి తీసేంత వైరు చాలా పూల్‌లలో గూట్లోనే చుట్టి ఉంటుంది. లేదంటే, లేక వైరింగు మీద ఏమాత్రం అనుమానమున్నా, ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి. గూట్లో వేలు పెడితే జారుడుగా, బూడిదరంగు పొరలా తగిలేదే ఆ జిగురు. బ్రష్‌తో రుద్ది, కాసిన్ని క్లోరిన్ నీళ్లు లోపలికి పంపి, మళ్లీ బిగించండి.

నిచ్చెన పైపులు బోలుగా ఉంటే లోపల నాచు పెరుగుతుంది. విప్పి బయట కడగండి. స్కిమ్మర్ మూతిలో ఆడే రేకు వెనకవైపు, స్కిమ్మర్ గొంతు పైభాగం, రిటర్న్ మూతుల వెనక, ఆటోమేటిక్ క్లీనర్ గొట్టం లోపల, జలపాతపు పైపు, ఎప్పుడో ఒకసారి తిప్పే వాల్వు వెనక నిలిచిపోయిన నీళ్లు, వీటిలో ఏదైనా కావచ్చు. వాడని పైపుల వాల్వులన్నీ షాక్ సమయంలో రోజూ కాసేపు తెరిచి నీళ్లు పారనివ్వండి. నీళ్ల మీద కప్పే పట్టా ఉంటే దాని అడుగువైపు కూడా తిప్పి కడగండి.

ఇవన్నీ శుభ్రంగా ఉంటే మిగిలింది ఫిల్టర్. ఇసుక ఫిల్టర్ మూత తీసి చూడండి. ఇసుక సమతలంగా, వదులుగా ఉండాలి. గుంటలు పడి, గడ్డలు కట్టి, జిడ్డుగా ఉంటే గడ్డలు చేత్తో విడగొట్టి, గొట్టంతో నీళ్లు ఇసుక లోపలికంటా పంపుతూ పైకి తేలే మురికి పోయేదాకా కడగండి. మడతల గుడ్డ ఉండే కార్ట్రిడ్జ్ ఫిల్టర్ అయితే మడతల మధ్య పైనుంచి కిందికి కడిగి, జిడ్డు వదిలించే ద్రావణంలో రాత్రంతా నానబెట్టండి. జిడ్డు వదలకుండా యాసిడ్‌లో వేస్తే మురికి గుడ్డలోకి ఇంకిపోతుంది.

నిమిషాల్లో మాయమైతే: అమ్మోనియా

10 పీపీఎం పోసి పది నిమిషాలకు కొలిస్తే ఫ్రీ క్లోరిన్ సున్నా, కంబైన్డ్ క్లోరిన్ చుక్కల మీద చుక్కలు పడుతుంటే అది నాచు కాదు. నాచు ఇంత వేగంగా తినదు. ఇది అమ్మోనియా. నెలల తరబడి క్లోరిన్ లేకుండా మూసి ఉంచిన పూల్‌లలో కొన్ని బ్యాక్టీరియాలు స్టెబిలైజర్‌నే తిని అమ్మోనియాగా మారుస్తాయి. గతంలో 50 ఉన్న స్టెబిలైజర్ ఇప్పుడు సున్నా చూపిస్తే దాదాపు నిర్ధారణ అయినట్టే. పక్క తోటలో చల్లిన ఎరువు వానకు కొట్టుకొచ్చినా ఇదే జరుగుతుంది. చేపల తొట్టెకు వాడే అమ్మోనియా కిట్‌తో తేల్చుకోవచ్చు.

నత్రజని లెక్కన 1 పీపీఎం అమ్మోనియాను వదిలించడానికి సుమారు 10 పీపీఎం క్లోరిన్ పడుతుంది. 10 పీపీఎం పోయండి, పది నిమిషాలు ఆగండి, కొలవండి. ఫ్రీ క్లోరిన్ సగానికన్నా తక్కువ మిగిలితే మళ్లీ 10 పోయండి. పది నిమిషాలకు సగం పైగా నిలిచిన రోజు అమ్మోనియా అయిపోయినట్టు. అప్పుడు స్టెబిలైజర్ 30కి తెచ్చి, పైన చెప్పిన షాక్ పద్ధతిలోకి వెళ్లండి. కిట్‌లో అమ్మోనియా 5 పీపీఎం పైన కనిపిస్తే లెక్క వేసి చూడండి. మన పూల్‌కు 50 పీపీఎం అంటే 22 లీటర్ల పైన క్లోరిన్. చాలాసార్లు సగం నీళ్లు మార్చడమే తేలిక.

బోరు నీళ్లతో నింపే పూల్‌లో క్లోరిన్ పోయగానే నీళ్లు టీ రంగుకు తిరిగితే ఇనుము ఉన్నట్టు, నల్లబారితే మాంగనీస్. ఇవి క్లోరిన్‌ను కొంత తింటాయి కానీ కరిగి ఉన్నదంతా మారిపోగానే ఆగిపోతాయి. రోజుల తరబడి సాగే నష్టానికి వీటిని నిందించలేం. ఫాస్ఫేట్ తీసే మందులు కూడా ఇక్కడ పరిష్కారం కావు. ఫాస్ఫేట్ క్లోరిన్‌ను తినదు, నాచుకు ఆహారం మాత్రమే. క్లోరిన్ సరైన నిష్పత్తిలో ఉంటే ఆ ఆహారం తినడానికి నాచే మిగలదు.

ఉప్పు యంత్రమున్న పూల్

రాత్రి పరీక్ష బాగానే వచ్చి, క్లోరిన్ మాత్రం ఎప్పుడూ తక్కువే ఉంటే యంత్రం సరిపడా తయారుచేయడం లేదు. గంటకు 20 గ్రాముల యంత్రం 8 గంటలు పూర్తి శక్తితో నడిస్తే 160 గ్రాములు, అంటే మన పూల్‌కు 3.5 పీపీఎం. సెట్టింగు 50 శాతంలో పెడితే 1.8. మండుటెండలో రోజుకు 3 పోతుంటే సగం సెట్టింగు ఎన్నటికీ సరిపోదు. ఇక్కడ లోపం లేదు, గంటలు పెంచాలి.

యంత్రం మీదే అనుమానమైతే చీకటి పడ్డాక దాన్ని 100 శాతంలో 4 గంటలు నడిపి, ముందూ వెనకా కొలవండి. 1.8 పీపీఎం దగ్గర్లో పెరగాలి. రాకపోతే ఉప్పు స్థాయిని యంత్రం తెరమీది అంకెతో కాకుండా విడిగా పరీక్షించండి. చాలా యంత్రాలకు 2700 నుంచి 3400 పీపీఎం మధ్య కావాలి. నీళ్లు బాగా చల్లబడితే చాలా యంత్రాలు తయారీ తగ్గిస్తాయి, కొన్ని ఆపేస్తాయి కూడా. యంత్రంలో క్లోరిన్ తయారయ్యే భాగమైన సెల్ పలకల మధ్య తెల్లటి సున్నపు పొర కనిపిస్తే 4 వంతుల నీళ్లలో 1 వంతు మ్యూరియాటిక్ యాసిడ్ కలిపి, నురగ ఆగేదాకా, ఎక్కువలో ఎక్కువ 15 నిమిషాలు నానబెట్టి కడగండి. పొర లేనప్పుడు యాసిడ్ వాడితే పలకల పూతే అరిగి సెల్ ఆయుష్షు తగ్గుతుంది.

స్టెబిలైజర్ కూడా దిగుతుంటే

ఎండ స్టెబిలైజర్‌ను తీసుకుపోదు. బ్యాక్‌వాష్, వాన పొంగు లేకుండానే స్టెబిలైజర్, ఉప్పు రెండూ నెలనెలా తగ్గుతుంటే నీళ్లే ఎక్కడో కారుతున్నాయి. దానంతటదే నింపే ఫ్లోట్ వాల్వు ఉన్న పూల్‌లో ఈ సంగతి బయటపడదు. వాల్వు మూసి, పూల్ నీళ్లతో నింపిన బకెట్‌ను మెట్టు మీద పెట్టండి. బకెట్ లోపలి మట్టం, బయటి పూల్ మట్టం టేపుతో గుర్తు పెట్టి 24 గంటలు ఆగండి. ఆవిరి రెండింటికీ ఒకేలా ఉంటుంది కాబట్టి, పూల్ మట్టం బకెట్ కన్నా ఎక్కువ దిగితే లీకే. పంపు నడిపిన రోజు, ఆపిన రోజు విడివిడిగా చేయండి. పంపు నడిచినప్పుడు ఎక్కువ దిగితే రిటర్న్ పైపులు చూడండి, రెండు రోజులూ ఒకేలా దిగితే గోడ పగుళ్లు, లైటు గూడు, స్కిమ్మర్ అతుకు చూడండి.